పెట్ట ఊసెత్తేవాళ్ళు లేరు

సంక్రాంతి కోడిపందేలు దగ్గరపడే కొద్దీ పుంజుల కోసం మా తోటకి చుట్టాలు ఎక్కువవుతారు. పేరు కూడా చెప్పకుండా "అమ్మా, కాకిడేగ పుంజు ఉందా?" అని ఫోన్లు. ఈరోజైతే పాలు పితికే వేళకే ఇద్దరు కారు దిగారు. భీమవరం వైపు నుంచంట, రాత్రంతా ప్రయాణం. నెల్లూరు జిల్లా పొదలకూరు దాటి ఇంత లోపలున్న నిమ్మతోట వాళ్ళకి ఎవరు చెప్పారో ఏమో.

వాళ్ళు పుంజును పట్టి చూసే తీరే వేరు. కాలి పొలుసులు, ముక్కు, మెడ, ఆఖరికి రెక్క విప్పి ఒక్కో ఈకా తడమడం. దాని రంగు డేగా, నెమలా అని వాళ్ళలో వాళ్ళే వాదులాడుకున్నారు. ఏ రంగు పుంజు ఏ వారం గెలుస్తుందో కూడా లెక్కలున్నాయి వాళ్ళ దగ్గర. "పెంపకానికేనమ్మా" అన్నారు. పెంపకానికైతే దీని తల్లి ఏదని అడగాలి కదా! ఆ మాటే రాలేదు. పందేనికి కత్తి కట్టేవాళ్ళకి "ఇవ్వం" అని మా ఆయన మర్యాదగానే చెప్పి పంపించేశాడు. డబ్బు చేదై కాదు. పోయినేడు పిల్లప్పటి నుంచి సాకిన పుంజు ఏమైందో వీడియోలో చూశాక ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. అత్త మాత్రం "పండగ ఖర్చు పోయింది" అని మధ్యాహ్నం దాకా సణుగుతూనే ఉంది.

పుంజంటే వేలు పోస్తారు. పెట్టనైతే కిలో ఎంతని కూరకి అడుగుతారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఫారం కోడి ఏడాదికి మూడొందల గుడ్లు పెడితే మా అసీలు (పందెం జాతి) పెట్ట పెట్టేది యాభై లోపే. అందులో మేం తినేవి తక్కువ. పదో పన్నెండో పెట్టగానే పొదుగుకి కూర్చుంటుంది. ఇక 21 రోజులు రోజుకొకసారి లేచి నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. గుడ్లు తిప్పుకోవడం కూడా అదే చూసుకుంటుంది.

మా సవల రంగు పెట్టకి ఈరోజు పిల్లలయ్యాయి. పదకొండు గుడ్లకి తొమ్మిది లేచాయి, రెండు మురిగిపోయాయి. గంపలో ఇసుక, వరిగడ్డి, మీద వేపాకు వేసి అత్తే పొదగేసింది. పక్కనే ఒక బొగ్గుముక్క, ఇనప మేకు. ఉరుములకి గుడ్లు మురగకుండా అంట. వేపాకు వేస్తే పేలు తగ్గుతాయంటే నమ్ముతాను. మేకు సంగతి అడిగితే ఆమెకి కోపం.

హైదరాబాదు పరిశోధన కేంద్రంలో తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు కూడా కొన్నాళ్ళు సాకాం. వాటిని తప్పుపట్టను, గుడ్లకి మంచివే. కానీ పొదగవు. పొదుగుకి కూర్చున్న కోడి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది కాబట్టి ఆ గుణమే పోయేలా వాటిని ఎంచుకుంటూ వచ్చారు. మావాడు ఇంక్యుబేటరు కొందామంటాడు. 37.5 డిగ్రీల వేడి అది ఇస్తుంది సరే, కరెంటు పోతే? పైగా మిషన్లో లేచిన పిల్లకి గద్దంటే ఏంటో ఎవరు నేర్పుతారు? సవల పెట్ట ఆకాశంలోకి ఒంటికన్నుతో చూసి గొంతులో ఒక్క కూత కూస్తే చాలు, పిల్లలన్నీ నిమ్మచెట్ల కింద దూరి కదలకుండా కూర్చుంటాయి. కిందికి వాలిన ముళ్ళకొమ్మల్లోకి గద్ద దిగలేదు. మా తోటలో కోళ్ళు నిలిచాయంటే సగం ఆ ముళ్ళ పుణ్యమే. ముంగిసకి మాత్రం ఏ ముల్లూ అడ్డం కాదు.

సాయంత్రం కోళ్ళకి కొక్కెర తెగులు రాకుండా వేసే మందు వేయించాం. కంట్లో ఒక్క చుక్క, వారం వయసు పిల్లలకి. సీసా కలిపితే వంద పిల్లలకి వస్తుంది, కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి. మా ఒక్కరి పిల్లలకి అంత మందు దండగ. అందుకే ఆరేడిళ్ళ వాళ్ళు గంపలతో మా ఇంటికే వచ్చారు. ఐసు డబ్బా పక్కన పెట్టుకుని దీపాలు పెట్టే వేళ దాకా చుక్కలు వేస్తూనే ఉన్నాం.

"ఇది వేస్తే చాటగొట్ల జబ్బు కూడా రాదా?" అని ఒకామె అడిగింది. 2024 ఫిబ్రవరిలో మా మండలంలోని చాటగొట్లలో, కోవూరు దగ్గర గుమ్మళ్ళదిబ్బలో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పటి భయం ఇంకా పోలేదు. అది వేరే జబ్బు, ఈ చుక్కకి ఆగదని చెప్పాను. అప్పుడు చికెన్ షాపులు మూయించారు, మా కోళ్ళనైతే మేమే గంపల కిందనుంచి వదల్లేదు. విప్పమని అవి చేసిన గోలకి రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు.

అందరూ వెళ్ళాక వెనకింటి పిల్ల ఆగింది. నెమలి రంగు కోడిపెట్టల్లో ఒకదాన్ని పాలుకి ఇవ్వమంది. అంటే మేపు ఆమెది, లేచిన పిల్లల్లో సగం మాకు. నేను సరే అనేలోపే అత్త అరుగు మీద నుంచి బేరం తేల్చేసింది.

"పుంజుపిల్లలన్నీ నువ్వే ఉంచుకోమే. పెట్టపిల్లలు మాత్రం మాకియ్యి."

పొద్దుటి నుంచి పండగ ఖర్చని సణిగిన మనిషేనా అని చూశాను. ఆ పిల్ల లెక్క వేసుకుంది, పుంజులకే కదా ధర అని. సంతోషంగా పెట్టని చంకన పెట్టుకుని పోయింది.