గాయాలను మాన్పే బెరళ్ళ వెంట మెక్సికోలో

మెక్సికోలో చర్మానికి వాడే నాటు మందులను దగ్గరగా చూడాలన్న కోరికతో బయలుదేరిన నేను, ముందుగా రాజధానిలోని సొనోరా మార్కెట్‌కు వెళ్ళాను. 1957 నుంచి నడుస్తున్న ఈ బజారులో మూలికల వరుస చూడడానికే ఒక పూట పడుతుంది. కమిలిన దెబ్బకు కాపడం పెట్టుకోవడానికి పసుపుపచ్చని ఆర్నికా పూలు, కాలిన చోట రాసుకోవడానికి కలబంద, మానని పుళ్ళు కడుక్కోవడానికి క్వాచలలాతే అనే చెట్టు బెరడు అక్కడి జనం అడిగి కొనుక్కుంటారు. ఈ ఆర్నికా యూరప్‌లో పెరిగే ఆర్నికా కాదు, పేరు ఒకటే అయినా మొక్క వేరు.

బుడిపెలు తేలిన క్వాచలలాతే బెరడు ముక్కను కొట్టు నడిపే పెద్దావిడ వేడినీళ్ళలో వేసి చూపించింది. కాసేపటికి నీళ్ళు ఎర్రబారాయి. నాలుకకు తగిలిస్తే కరక్కాయంత వగరు. ఆ వగరుకు కారణమైన టానిన్లే పుండు పైభాగాన్ని బిగించి, రసి కారడాన్ని తగ్గిస్తాయి.

ఆ వరుసలో అందరి నోటా వినిపించే పేరు మాత్రం తెపెస్కోవీతే. మన అత్తిపత్తి ప్రజాతికే చెందిన ఈ ముళ్ళ చెట్టు బెరడును ఎండబెట్టి, దంచి, ఎర్రమట్టి రంగు పొడిగా అమ్ముతారు. 1984 నవంబరు 19 తెల్లవారుజామున, రాజధాని శివారులోని సాన్ హువాన్ ఇష్వాతెపెక్‌లో వంటగ్యాస్ నిల్వ ట్యాంకులు పేలి వందల మంది చనిపోగా, వేలమంది కాలిన గాయాలపాలయ్యారు. ఆ బాధితుల గాయాలకు ఈ పొడిని వాడడంతో, అంతవరకూ దక్షిణాన చియాపాస్ పల్లెలు ఎరిగిన మందు పేరు దేశమంతా పాకింది. ఇప్పుడు సబ్బుల్లోనూ, క్రీముల్లోనూ అదే పేరు కనిపిస్తుంది. అయితే శుభ్రపరచని బజారు పొడిని పచ్చి గాయం మీద చల్లడం నాకు సమ్మతం కాదు. లోతుగా కాలిన ఒంటికి ముందు ఆసుపత్రే దిక్కు.

ఆ మందు పుట్టింటిని చూడాలని చియాపాస్‌కు ప్రయాణమయ్యాను. సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున, చలిగాలుల మధ్య ఉండే సాన్ క్రిస్తోబాల్ దె లాస్ కాసాస్ పట్టణంలో మాయా వైద్య మ్యూజియం ఉంది. దానిని నడిపేది ప్రభుత్వం కాదు, ఆ రాష్ట్రపు ఆదివాసీ వైద్యుల సంఘమే. నాడి పట్టి రోగం చెప్పేవారు, మంత్రసానులు, మూలికలు ఎరిగినవారు ఎవరి పని ఎలా చేస్తారో గదుల్లో బొమ్మలతో చూపించారు. పెరట్లో మందుమొక్కలు పెంచుతున్నారు.

అక్కడ నిలబడి ఉండగా నాకు పసుపు సంగతి గుర్తుకొచ్చింది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. తెలుగునాట ఏ అమ్మమ్మకైనా తెలిసిన ఆ వైద్యాన్ని ఎవరో సొంతం చేసుకోవడమేమిటని మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి పోరాడగా, 1997లో దానిని రద్దు చేశారు. చియాపాస్ వైద్యులదీ అదే కోవకు చెందిన పోరాటం. 1990ల చివర అమెరికా నిధులతో అక్కడి మొక్కలపై పరిశోధన మొదలైనప్పుడు, తమ జనం సమ్మతి సరిగా తీసుకోలేదని, తమ విద్య పరాయివారి ఆస్తి అవుతుందని వారు గట్టిగా అడ్డుకున్నారు. 2001లో ఆ పథకం ఆగిపోయింది. పరిశోధన వద్దని నేను అనను. టానిన్ల సంగతి మనకు తెలిసింది కూడా పరిశోధన వల్లనే. కానీ చెట్టును చూపించినవారిని అడగకుండా చేసే పరిశోధన అన్యాయం.

మ్యూజియంలోనే సంఘం వారి మూలికల మందుల కొట్టు ఉంది. ఆ పక్కకు వెళ్ళే తెలుగువారు లేపనాలు, కషాయాల దినుసులు అక్కడే కొనాలని నా మనవి. ఏది పైపూతకు, ఏది లోపలికి అన్నది వారినే అడిగి తెలుసుకోవచ్చు, ఇచ్చిన డబ్బు కూడా ఆ వైద్యాన్ని కాపాడుకుంటున్నవారికే చేరుతుంది.