మెండోటాలో నీళ్లు ఎంత తేటగా ఉన్నాయి?

అమెరికాలోని మాడిసన్‌లో ఉండేవాళ్లకు వేసవి అంటే మెండోటా సరస్సే. ఈత, పడవలు, గాలాలు, ఒడ్డున పిల్లల కేరింతలు. ఈ ఏడాది నేను నీటి తేటదనం కొలిచేవాళ్లతో కలిశాను.

పని చూస్తే నవ్వొస్తుంది. 20 సెంటీమీటర్ల గుండ్రటి పళ్లెం, నాలుగు భాగాలుగా నలుపు, తెలుపు. కొలతలు గుర్తు పెట్టిన తాడుకు కట్టి, పడవ నీడ పడే వైపు నుంచి కిందికి వదలాలి. చలువ కళ్లద్దాలు తీసేయాలి. తెలుపు కాస్తా పచ్చగా మారి, మసకబారి, మాయమవుతుంది. ఆ లోతు చూసుకుని, పైకి లాగేటప్పుడు మళ్లీ కనిపించిన లోతు కూడా చూసి, రెండింటి సగటు రాయాలి. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త వాడిన పద్ధతి. ఇన్ని పరికరాలు వచ్చినా దీని పని దీనికి ఉంది.

అసలు తంటా భాస్వరంతో. చుట్టూ పాడి పొలాలు. మంచు కరిగినా, గట్టి వాన పడినా పేడ ఎరువులోని భాస్వరం కొట్టుకొచ్చి సరస్సులో కలుస్తుంది. అదే నాచుకు మేత. ఎండలు ముదిరేసరికి నాచు తెట్టు కడుతుంది, ఈత రేవులు మూసేస్తారు. ఆ నాచును మేసే డాఫ్నియాలనే చిన్న నీటి జీవులను స్పైనీ వాటర్ ఫ్లీ అనే బయటి జీవి తినేస్తోంది. 2009లో ఇక్కడ బయటపడింది. 2015లో జీబ్రా ఆల్చిప్పలు కూడా వచ్చి చేరాయి, అవి చాలనట్టు!

ఇలాంటివి పడవలకు అంటుకుని ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు చేరతాయి. అందుకే పడవ ఒడ్డుకు తీసినవాళ్లందరికీ చెబుతున్నాను: అంటుకున్న నాచు పీకేయండి, నీళ్లు ఒంపేయండి, ఆరబెట్టండి అని. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఆదివారం పడవలో ఇంకొకరికి చోటుంది. తాడు పట్టుకోవడానికి ఎవరొస్తారు?