కల్చర్ నార్మల్, నొప్పి మాత్రం అలాగే

మా బీరువాలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది, నా మూడేళ్ల యూరిన్ రిపోర్టులన్నీ అందులోనే. కల్చర్ (యూరిన్‌లో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) నెగటివ్, పస్ సెల్స్ రెండు మూడు, స్కానింగ్‌లో రాళ్లు లేవు, కిడ్నీలు బావున్నాయి. కాగితాల ప్రకారం నాకేం లేదు. కానీ బ్లాడర్ నిండేకొద్దీ పొత్తికడుపులో ఎవరో గుడ్డ పిండినట్టు పిండేది, వెళ్లొస్తే ఓ పది నిమిషాలు నెమ్మదించేది, మళ్లీ మొదలు. రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సిందే.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట, వేడి చేసిందని. అమ్మ సబ్జా గింజలు పంపేది, అత్తయ్య రోజూ బార్లీ నీళ్లు కాచి ఇచ్చేవారు. డాక్టర్లేమో కల్చర్ రిపోర్టు చేతికి రాకముందే యాంటీబయాటిక్ రాసేవాళ్లు. కోర్సు అయ్యేసరికి కాస్త తగ్గినట్టే ఉండేది (ఈ నొప్పి దానంతట అదే ఎగిసి తగ్గుతూ ఉంటుందని నాకప్పుడు తెలీదు), దాంతో నొప్పి తిరగబెట్టినప్పుడల్లా మళ్లీ అదే మందు. ఏడో కోర్సు తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

ఇంకో చోట చూపించుకుంటే "అడుగు కండరాలు వీక్ అయి ఉంటాయమ్మా, కెగెల్స్ చెయ్యి" అన్నారు, అంటే ఆ కండరాల్ని బిగించి వదిలే వ్యాయామం. ఇద్దరు పిల్లల తల్లిని కదా, నిజమే అనుకున్నా. నేను చెప్తే చెప్పినట్టు చేసే రకం. స్టాఫ్ రూంలో పేపర్లు దిద్దుతూ, అన్నం వార్చుతూ, బస్సులో, రోజుకి వందేసి సార్లు బిగించి పట్టేదాన్ని. నెలన్నరకి కుర్చీలో కూర్చోలేని స్థితి వచ్చింది.

నాలుగో డాక్టరు ఒక లేడీ యూరాలజిస్టు. సిస్టోస్కోపీ చేసి, అంటే సన్న గొట్టంతో బ్లాడర్ లోపల చూసి, దీనికొక పేరు చెప్పారు. ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్, ఇప్పుడు ఎక్కువగా బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అంటున్నారు. పాత పేరేమీ ఇవాళ్టిది కాదు, 1887లో స్కీన్ అనే డాక్టరు అమెరికాలో వాడాడు. 1915లో గై హన్నర్ అనే ఇంకో డాక్టరు బ్లాడర్ లోపలి పుండ్ల గురించి రాశాడు, వాటిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నాకు ఆ పుండ్లు లేవు, చాలామందికి ఉండవట. ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నలకి నేను కొంచెం బిత్తరపోయాను. మోషన్‌కి ఇబ్బంది పడతారా, మీ ఆయనతో కలిసినప్పుడు నొప్పి ఉంటుందా, యూరిన్ మొదలవడానికి కాసేపు కూర్చోవాల్సి వస్తుందా? నేను బ్లాడర్ కోసం వస్తే ఈవిడ ఇవన్నీ అడుగుతుందేంటి అనుకున్నా. అన్నిటికీ జవాబు మాత్రం అవుననే వచ్చింది. లోపల పరీక్ష చేస్తూ పక్కవైపు కండరం మీద వేలితో మెల్లగా నొక్కారు. నా మూడేళ్ల నొప్పి, అచ్చంగా అదే నొప్పి, అదే "ఇప్పుడే వెళ్లాలి" అన్న తొందరతో సహా. ఆవిడ నొక్కింది బ్లాడర్‌ని కానే కాదు.

కెగెల్స్ ఆ రోజే ఆపించేశారు.

నవారు మంచం గుర్తు తెచ్చుకోండి. ముందు జఘనాస్థి నుంచి వెనక తోక ఎముక దాకా అలాంటి అల్లికే ఒకటి కండరాలతో ఉంటుంది, బ్లాడరూ గర్భసంచీ పేగు చివరి భాగమూ దాని మీదే కూర్చుంటాయి. నవారు వదులైతే కుంగుతుంది, దగ్గితే తుమ్మితే చుక్క జారేది ఎక్కువగా ఆ రకం వాళ్లకే. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు తన వ్యాయామాల గురించి రాసింది కూడా అలా వదులైన కండరాలకి బలం తెప్పించడానికే. నాది దానికి ఉల్టా, మరీ బిగించి అల్లిన మంచం. బ్లాడర్ నిండుతుంటే ఈ కండరాలు కాస్త కాస్త బిగియడం సహజమే, లేకపోతే ఆపుకోలేం. వెళ్లేటప్పుడు ముందు ఇవి వదులవ్వాలి, ఆ తర్వాతే బ్లాడర్ ముడుచుకోవాలి. నొప్పి ఉన్నచోట ఒళ్లు బిగబట్టుకుంటుంది కదా, పన్ను నొప్పి వస్తే దవడ బిగపట్టినట్టు, అలా నెలల తరబడి బిగిసి ఉన్న కండరంలో గడ్డకట్టినట్టు ముడులు తయారవుతాయి, ఆ ముడుల నొప్పి మనకి బ్లాడర్ నొప్పిలాగే తెలుస్తుంది, దానికి భయపడి ఇంకా బిగిస్తాం. ఏది ముందు మొదలైందో నా విషయంలో ఇక తేలదు.

అయినా నా అనుమానం నాకుంది. మా స్కూల్లో టీచర్ల బాత్రూమ్‌కి గడియ లేదు. పొద్దున తొమ్మిది నుంచి నాలుగింటి దాకా ఆపుకోవడం, మరీ తప్పకపోతే ఒక చేత్తో తలుపు పట్టుకుని, కూర్చోకుండా గాల్లో వంగి నిలబడి కానిచ్చేయడం. అలా నిలబడితే తొడలతో పాటు లోపలివీ బిగిసే ఉంటాయి. పన్నెండేళ్లు ఆ కండరాలకి నేనిచ్చిన ట్రైనింగ్ అది.

ఈ అడుగు కండరాలు (పెల్విక్ ఫ్లోర్) చూసే ఫిజియోలు మా వైపు దొరకలేదు, నందిగామ నుంచి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. మొదటి రోజు బొటనవేలంత సెన్సర్ ఒకటి లోపల పెట్టుకోమన్నారు, కండరంలో నడిచే కరెంటుని మైక్రోవోల్టుల్లో లెక్కపెడుతుందది. ఎదురుగా లాప్‌టాప్‌లో ఆకుపచ్చ గీత. "బిగించండి" అన్నారు, గీత పైకి లేచింది. "వదిలేయండి" అన్నారు. సగం దిగి అక్కడే వణుకుతూ ఆగింది.

"వదిలేశాను మేడం."

"లేదమ్మా, చూడండి ఇంకా పట్టుకునే ఉన్నారు."

నేను నిజంగా వదిలేశాననే అనుకుంటున్నా! అప్పుడే బ్యాగులో ఫోన్ మోగింది, మా హెచ్చెమ్‌కి పెట్టుకున్న రింగ్‌టోన్. అయ్యో అని నేను అనుకునేలోపే గీత నిటారుగా పైకెగిరింది. ఇద్దరం నవ్వాం, నవ్వితే ఇంకా ఎగిరింది. నవ్వు అయిపోయాక ఒక పెద్ద శ్వాస వదిలాను, అప్పుడు మొదటిసారి అది అడుగుకి దిగింది. వదిలితే ఎలా ఉంటుందో నా ఒంటికి తెలిసింది అప్పుడే.

ఆ అంకెల మీద మరీ నమ్మకం పెట్టుకోవద్దని కూడా ఫిజియో మేడమే చెప్పారు. సెన్సర్ కొంచెం జరిగినా, ఆ రోజు భయంగా ఉన్నా మారిపోతాయట. ఆవిడకి అసలు దారి చూపేది వేలికి తగిలే ముడులే. గ్లవ్ వేసుకుని ఒక్కో ముడి మీద వేలు ఆన్చి, అది మెత్తబడేదాకా ఆగడం, అంతే వైద్యం. ప్రతిసారీ ముందు అడిగేవారు, ఆపమంటే ఆపేవారు. మొదటి రెండు సిట్టింగులకీ నొప్పి పెరిగింది, నాలుగో దానికి రాత్రి రెండుసార్లే లేచాను.

ఇదేదో మసాజ్ అని తీసిపారేసే వాళ్ల కోసం ఒక సంగతి. 2012లో ఉత్తర అమెరికాలోని 11 సెంటర్లలో, ఇదే జబ్బుతో పాటు అడుగు కండరాల్లో నొక్కితే నొప్పి ఉన్న 81 మంది ఆడవాళ్ల మీద ట్రయల్ చేశారు. సగం మందికి ఈ పద్ధతి, మిగతావాళ్లకి మామూలు ఒళ్లు మసాజ్. మొత్తం మీద బాగుపడ్డామని చెప్పినవాళ్లు ఇందులో 59 శాతం, మసాజ్‌లో 26 శాతం. విడిగా నొప్పి, తొందర, ఎన్నిసార్లు వెళ్తున్నారు అన్న కొలతల్లో మాత్రం రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, అదీ చెప్పాలి. అమెరికా యూరాలజిస్టుల సంఘం గైడ్‌లైన్‌లో అయితే ఇలా నొక్కితే నొప్పి ఉన్నవాళ్లకి చేతివైద్యం ఇవ్వాలని, కెగెల్స్ లాంటివి వద్దని సూటిగానే ఉంది. ఆ ఒక్క వాక్యం నాకు ఆ నెలన్నర కెగెల్స్‌కి ముందే ఎవరైనా చెప్పి ఉంటే...

ఇంట్లో చేసేవి పెద్దగా ఏం లేవు. బాలాసనంలో ఉండి నెమ్మదిగా గాలి పీల్చడం, పీల్చేటప్పుడు అడుగు కూడా కిందికి దిగుతున్నట్టు చూసుకోవడం. యోగా క్లాసులో అడుగు కండరాల్ని బిగించే మూలబంధం అనగానే నేను ఖాళీగా కూర్చుంటాను, మా గురువుగారికి ముందే చెప్పేశా. బాత్రూమ్‌లో పూర్తిగా కూర్చోవడం, ముక్కకపోవడం. రాత్రిపూట నొప్పి తగ్గడానికి చిన్న డోసు అమిట్రిప్టిలిన్ మాత్ర ఇంకా నడుస్తోంది. కాఫీ మానేశాను, గోంగూర పచ్చడి మాత్రం మానలేదు, తిన్న మర్నాడు అనుభవిస్తాను. మూత్రంలో రక్తం, జ్వరం లాంటివి ఉంటే ఇదంతా పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరకి వెళ్లండి, అది వేరే కథ.

పోయిన నెల మా చెల్లితో హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దగ్గర బస్సు ఆగింది. చెల్లి అలవాటుగా నా హ్యాండ్‌బ్యాగ్ అందుకుని "పదక్కా, లైను పెరగకముందే" అంది. ఒక్క క్షణం చూసుకున్నాను. వెళ్లాలనిపించట్లేదు. నువ్వెళ్లిరా అన్నాను. మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.