ఐసీయూ తలుపుకు అవతల నా వాళ్ళు

నా ప్రాణం నిలబెట్టిన మందు రాసింది డాక్టర్లే. అయితే ఏ మందు రాయాలో వారికి తోచేలా చేసింది మా చెల్లెలు. ఈ రెండూ నిజాలే కనుక, ఆ ఆసుపత్రి మీద నాకున్న కృతజ్ఞతనూ కోపాన్నీ రెండింటినీ దాచకుండా రాస్తున్నాను.

మాది మదనపల్లె దగ్గరి పల్లె. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. వానలు వెనుకబట్టి గట్ల మీద గడ్డి ఏపుగా పెరిగిన కార్తీకమాసంలో నాకు జ్వరం పట్టుకుంది. డెంగీ అనుకున్నారు, పరీక్షలో కాదని తేలింది. టైఫాయిడ్ అనుకుని ఇంజెక్షన్లు ఇచ్చారు, తగ్గలేదు. ప్లేట్‌లెట్లు పడిపోయి, కళ్ళు పచ్చబడి, ఆయాసం మొదలయ్యేసరికి అంబులెన్సులో పెద్ద ఆసుపత్రికి తరలించారు. అక్కడ గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. ఆ తరువాత కొంతకాలం జరిగినవన్నీ మావాళ్ళు చెప్పగా తెలుసుకున్నవే.

ఐసీయూలోకి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఒక్కరినే పంపేవారు. మిగతా సమయమంతా మావారు, చెల్లెలు, అత్తమ్మ వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునేవారు. మైకులో నా పేరు వినబడితే మావారు పరుగెత్తేవారు. మందులు తెమ్మని చీటీ చేతికిచ్చేందుకో, కాగితం మీద సంతకం పెట్టమనేందుకో పిలిచేవారు తప్ప, ఆమె పరిస్థితి ఇదీ అని కూర్చోబెట్టి చెప్పేందుకు ఎవరూ పిలవలేదు. ఆ కాగితాల్లో ఏముందని అడిగితే, "మీరు సంతకం పెడితేనే ట్రీట్‌మెంట్ మొదలుపెడతాం" అన్నారట. భార్య బతుకుతుందో లేదో తెలియని మనిషి అంతకు మించి ఏమి అడగగలడు? నాకు జ్వరం రాకముందు ఏ పని చేశాను, ఎక్కడ తిరిగాను అని ఆయనను ఒక్కరైనా అడిగి ఉంటే, సెలవుల్లో పశువుల కోసం గట్ల మీద గడ్డి కోశానని ఆయన చెప్పి ఉండేవారు.

ఒకరోజు సాయంత్రం, లోపల నర్సులు తక్కువగా ఉన్నారని గమనించిన మా చెల్లెలు, "మా అక్కకు నేను ఒళ్ళు తుడుస్తానమ్మా, మీరు పక్కనే ఉండి చూడండి" అని హెడ్ నర్సును బతిమాలింది. ఆ తల్లి ఒప్పుకుంది. చేతులు శుభ్రం చేయించి, గౌను తొడిగించి, ఏ గొట్టం ముట్టుకోరాదో చూపించి లోపలికి తీసుకుపోయింది. తడిగుడ్డతో తుడుస్తూ ఉండగా ఎడమ రొమ్ము కింద మా చెల్లెలికి నల్లటి పొక్కు ఒకటి కనబడింది. సిగరెట్టుతో కాల్చినట్టు గుండ్రంగా ఉండి, చుట్టూ ఎర్రబారి ఉందట. "ఇది మా అక్కకు ముందు లేదు" అని ఆమె అనగానే హెడ్ నర్సు వెంటనే పెద్ద డాక్టరును పిలిపించింది.

అది స్క్రబ్ టైఫస్. గడ్డిలోనూ పొదల్లోనూ ఉండే చిగ్గర్ అనే అతి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం ఇది. కుట్టినచోట ఏర్పడే ఆ నల్లటి పొక్కు నొప్పి పెట్టదు, దురద పెట్టదు. చంక, గజ్జ, నడుము, రొమ్ము కింది భాగం వంటి మరుగుచోట్లే ఎక్కువగా ఉంటుంది కనుక రోగికే తెలియకుండా ఉండిపోతుంది. సమయానికి గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుకు లొంగుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. జబ్బు ముదిరినవారికి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి రక్తనాళంలోకి ఎక్కిస్తే ఏదో ఒక్కటి ఇచ్చినదానికంటే మేలని మన దేశంలోని ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన 2023లో వెలువడింది. నాకూ ఆ రెండూ మొదలుపెట్టారు. పెద్ద డాక్టరుగారు వరండాలోకి స్వయంగా వచ్చి, "మీరు చూడకపోతే ఇంకా ఆలస్యమయ్యేదమ్మా" అని మా చెల్లెలితో అన్నారు. అందరి ముందూ ఆ మాట చెప్పిన ఆయన పెద్దమనసుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

అంత జరిగినా తలుపు దగ్గర నియమం మాత్రం మారలేదు. జ్వరం దిగుతోందని మత్తుమందు తగ్గించిన రాత్రి నేను పూర్తిగా ఒంటరిగానే ఉన్నాను.

ఆ రాత్రి నాకు బాగా గుర్తుంది. మానిటర్ మోత నాకు మా బడిగంటలా వినబడింది. పిల్లలందరినీ ఏదో గదిలో పెట్టి తాళం వేశారనీ, ఆ గదిలోకి నీళ్ళు వస్తున్నాయనీ, హాజరుపట్టీ నా దగ్గరే ఉందనీ అనుకున్నాను. కళ్ళజోడు తీసేసి ఎక్కడో పెట్టినందువల్ల ఎవరి ముఖమూ ఆనలేదు. తెల్లటి ఆకారాలు వచ్చిపోతున్నాయి. అరుద్దామంటే గొంతులో గొట్టం. దాన్ని లాగబోతే నా రెండు చేతులనూ గుడ్డతో మంచానికి కట్టేశారు. అప్పుడే డ్యూటీలో ఉన్న యువ డాక్టరు నా కాళ్ళ దగ్గర నిలబడి ఫోనులో, "ఈ బెడ్ పొద్దున్నకు ఖాళీ అయిపోతుందిలే, ఆ పేషెంటును అక్కడే ఉండమను" అన్నాడు.

ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది. తెల్లవారేలోగా నన్ను చంపుతారని నమ్మాను. పక్క బెడ్ సంగతి మాట్లాడానని ఆయన తరువాత మావారికి చెప్పాడట. కావచ్చు. కానీ చేతులు కట్టేసి, నోరు మూయించి, చూపు లేకుండా పడుకోబెట్టిన మనిషి దగ్గర నిలబడి బెడ్ ఖాళీ అవుతుందనడం ఏ బెడ్ గురించైనా తప్పే. కళ్ళు మూసుకున్న రోగికి చెవులు పనిచేస్తాయని వైద్యవిద్యలో మొదటి ఏడాదే నేర్పాలి.

నన్ను కాపాడింది తెలుగు సరిగా రాని ఒక మలయాళీ నర్సు. నా కన్నీళ్ళు చూసి, ఆ వేళలో అనుమతి లేకపోయినా మా చెల్లెలిని లోపలికి పిలిచింది. చెల్లెలు నా కళ్ళజోడు తెచ్చి పెట్టి, నా చేయి పట్టుకుని, "నేనుండా అక్కా. నువ్వు ఆసుపత్రిలో ఉండావు. పిల్లోళ్ళంతా వాళ్ళ ఇండ్లల్లో నిద్రపోతా ఉండారు" అంది. మళ్ళీ మళ్ళీ అదే చెప్పింది. నీళ్ళు తగ్గిపోయాయి. నర్సు ఒక చేతి కట్టు విప్పింది, ఆ చేయి తెల్లవారేదాకా మా చెల్లెలి చేతిలోనే ఉంది. ఆ నర్సు కడుపు చల్లగా ఉండాలి.

ఆ రాత్రి నన్ను పట్టిన ఇలాంటి మతిభ్రమను డెలీరియం అంటారనీ, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో చాలామందికి వస్తుందనీ తరువాత తెలిసింది. కళ్ళజోడు, వినికిడి యంత్రం రోగికి అందుబాటులో ఉంచడం, పగలూ రాత్రీ తెలిసేలా చేయడం, ఇది ఏ చోటు, ఈ రోజు ఏ వారం అని తెలిసిన గొంతుతో చెప్పడం, వీలైనంత త్వరగా కదిలించడం ఇందులో మేలు చేస్తాయని వైద్యులే అంటారు. వీటిలో మొదటి మూడింటికీ ఇంటివారికంటే తగినవారెవరు? బంధువులు వస్తే ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయనే కారణం మాకూ చెప్పారు. బ్రెజిల్‌లో 36 ఐసీయూలలో జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 12 గంటల వరకు బంధువులను ఉండనిచ్చినా ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు, బంధువుల్లో ఆందోళన, దిగులు తగ్గాయి. డెలీరియం మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. లెక్కల్లో తేలనిది నా ఒక్క రాత్రి విషయంలో తేలిందని నేను వాదించను. కానీ బంధువులను వరండాలో ఉంచడానికి ఇన్‌ఫెక్షన్‌ను సాకుగా చెప్పడం ఇక న్యాయం కాదు.

మా అత్తమ్మ బోయకొండ గంగమ్మకు మొక్కుకుంది. నడవగలిగాక వెళ్ళి ఆ మొక్కు తీర్చాం. అమ్మవారే మా చెల్లెలి కళ్ళకు ఆ పొక్కును చూపించిందని అత్తమ్మ నమ్మకం, నా నమ్మకమూ అదే. మావారికి మాత్రం ఇప్పటికీ మైకు చప్పుడు వింటే చెమటలు పడతాయి. ఇంటికి పంపేటప్పుడు నా మందుల గురించి చెప్పారు గాని, ఆయన నిద్రపోతున్నారా అని ఎవరూ అడగలేదు. ఐసీయూ వేదన రోగితోపాటు ఇంటివారినీ నెలల తరబడి పట్టుకుంటుంది, వారికీ చికిత్స అవసరం కావచ్చు.

మీ వారెవరైనా ఐసీయూలో ఉంటే, రోజుకొకసారి బాధ్యత గల ఒక డాక్టరు మీతో కూర్చుని మాట్లాడాలని మర్యాదగా, గట్టిగా అడగండి. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగి హక్కుల పత్రంలో సమాచారం పొందే హక్కు ఉంది. రోగికి కళ్ళజోడు ఉంటే అది ముఖం మీద ఉందో లేదో చూడండి. జ్వరానికి కారణం తేలకపోతే ఒళ్ళంతా వెతకమనండి. ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి జరిగింది జరిగినట్టు రాయండి. మా చెల్లెలు అలా రాసినందువల్లే నేను పోగొట్టుకున్న రోజులు నాకు మళ్ళీ దొరికాయి.

కోలుకున్నాక నా కేసు షీటు నకలు అడిగి తీసుకున్నాను. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతుంది. అందులో ఆ రాత్రి ఇచ్చిన ప్రతి మందూ ఉంది, చేతులు కట్టిన మాట లేదు. మా చెల్లెలి పుస్తకంలో ఉంది. ఆ పేజీ నకలు జతచేసి, ఆ ఇద్దరు నర్సులకూ పెద్ద డాక్టరుగారికీ ధన్యవాదాలు చెబుతూ, రాత్రివేళ ఒక మనిషిని లోపల ఉండనివ్వాలని కోరుతూ ఆసుపత్రి యాజమాన్యానికి ఉత్తరం రాశాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల పరీక్షలకు వెళ్ళినప్పుడు దాని సంగతి స్వయంగా అడుగుతాను.