ఎండాకాలం తర్వాత పూడుకుపోయిన ప్రింట్ హెడ్: నా అనుభవం

నేను కొత్తగూడెంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. ఒకటో తరగతి పిల్లలకు గుణింతాల అభ్యాస పత్రాలను నేనే తయారుచేసి, ఇంట్లో ఉన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్ మీద తీసి బడికి తీసుకెళ్తాను. నిరుడు వేసవి సెలవులకు అమ్మవాళ్ల ఊరికి బయలుదేరే రోజున, చివరి కాగితం బయటికి రాగానే గోడ మీది స్విచ్ కట్టేసి ఇంటికి తాళం వేశాను. బడి తెరవడానికి రెండు రోజుల ముందు తిరిగొచ్చి ప్రింట్ తీస్తే అక్షరాల మీదుగా అడ్డంగా తెల్లటి గీతలు పడ్డాయి. తలకట్లు ఎగిరిపోయాయి, ‘కి’ ఏదో ‘కీ’ ఏదో తెలియడం లేదు. పెద్దవాళ్లైతే సందర్భాన్ని బట్టి చదువుకుంటారు గానీ, అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న పిల్లల చేతికి అలాంటి కాగితం ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

ముందుగా నాజిల్ చెక్ తీశాను; అంటే ప్రింట్ హెడ్‌లో కాగితం మీదికి ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు (నాజిళ్లు) అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే పరీక్ష కాగితం. సయాన్, మెజెంటా, పసుపు గీతలు మెట్లమెట్లుగా నిండుగా వచ్చాయి. నలుపులో మాత్రం మూడో వంతు దాకా ఖాళీలున్నాయి. నా ప్రింటర్‌లో రంగు ఇంకులు డై రకానివి, అంటే రంగు నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. నలుపు పిగ్మెంట్ రకం. అందులో సన్నటి మసి రేణువులు ద్రవంలో తేలుతూ ఉంటాయి కాబట్టి, నీరు ఆవిరైతే అవి వెంట్రుక కన్నా సన్నగా ఉండే నాజిల్ రంధ్రంలోనే గట్టిపడి కూర్చుంటాయి. మా ఊరి మే నెల ఎండలు తెలిసినవారికి, తలుపులు మూసిన గదిలో ఆరు వారాల పాటు ఆ ఇంకు ఏమై ఉంటుందో చెప్పనక్కర్లేదు.

నాజిళ్ల గుండా ఇంకు లాగి ప్రింటర్ తనను తాను శుభ్రం చేసుకునే హెడ్ క్లీనింగ్‌ను వరుసగా మూడుసార్లు చేశాను. మొదటిసారికి కొంత మెరుగైంది, రెండోసారికి అలాగే ఉంది, మూడోసారికి అంతకుముందు బాగున్న చోట కొత్త ఖాళీలు వచ్చాయి. అప్పుడు ఆగి, మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాను. ప్రతిసారీ ఒకే చోట ఉండే ఖాళీ పూడికకు గుర్తు; చోటు మారుతున్న ఖాళీ చాలావరకు హెడ్‌లోకి గాలి చేరిందనడానికి గుర్తు. నా కాగితాల మీద రెండూ ఉన్నాయి. పైగా క్లీనింగ్ చేసిన ప్రతిసారీ కొంత ఇంకు అడుగున ఉండే వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది; ఆ ప్యాడ్ నిండితే ప్రింటర్ పనిచేయడమే మానేస్తుంది. ఇక ఆ బటన్ జోలికి వెళ్లకూడదనుకున్నాను.

రిపేరు షాపులో, “హెడ్ మార్చాల్సిందే మేడమ్, కడిగినా లాభం ఉండదు,” అన్నారు. కార్ట్రిడ్జ్‌తోపాటే హెడ్ వచ్చే ప్రింటరైతే కొత్త కార్ట్రిడ్జ్ వేస్తే సరిపోతుంది గానీ, నాది ప్రింటర్‌లోనే బిగించి ఉండే పీజో హెడ్, అంటే కరెంటు తగిలితే వంగే సన్నటి పొరలతో ఇంకును బయటికి నెట్టే రకం. దాన్ని మార్చడానికి కొత్త ప్రింటర్ ధరలో సగానికి పైగా అవుతుందన్నారు. ఒక్కసారి నానబెట్టి చూసి, ఆ తర్వాతే నిర్ణయించుకుందామని ఇంటికి తిరిగొచ్చాను.

మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్, సూది లేని సిరంజి కొన్నాను. బోరు నీటిలోని ఉప్పు ఆరిపోయాక రంధ్రాల్లోనే తెల్లగా పేరుకుంటుంది కాబట్టి కుళాయి నీళ్లు వాడలేదు. ప్రింటర్ ఆన్ చేసి, హెడ్ తన చోటు నుంచి కదలగానే ప్లగ్ పీకితే, దాన్ని చేత్తో మెల్లగా పక్కకు జరపవచ్చు. అలా జరిపాకే అసలు కారణం నా కంటపడింది. హెడ్ విశ్రాంతిగా ఉన్నప్పుడు దాన్ని కిందినుంచి గాలి చొరకుండా మూసి ఉంచే చిన్న రబ్బరు మూత ఒకటి ఉంటుంది. దాని అంచు చుట్టూ ఇంకు కాటుక పెచ్చులా ఎండి ఉంది. నేను స్విచ్ కట్టేసిన తొందరలో హెడ్ ఆ మూత మీదికి పూర్తిగా చేరనే లేదు.

మూతలో నాలుగు చుక్కలు వేసి పది నిమిషాలు నాననిచ్చి, నూగు రాలని గుడ్డతో అద్ది తీశాను. ఆ నల్లదనం వదిలేదాకా ఐదారుసార్లు అలా చేయాల్సి వచ్చింది. తర్వాత టిష్యూను మడతపెట్టి, తడిపి, హెడ్ దారిలో పరిచి, హెడ్‌ను దాని మీదికి జరిపి రాత్రంతా వదిలేశాను. సిరంజితో నీటిని నాజిళ్లలోకి బలంగా ఎక్కించే పద్ధతి కూడా కొందరు పాటిస్తారు. ఆ ఒత్తిడికి హెడ్ లోపలి పొరలు దెబ్బతినవచ్చు కాబట్టి నేను ఆ పని చేయలేదు. తెల్లవారి చూస్తే టిష్యూ మీద నాజిళ్ల వరుస అచ్చుగుద్దినట్టు సన్నటి నల్ల చారగా దిగి ఉంది. ఆ చార చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

టిష్యూ తీసేసి ఒక్కసారి క్లీనింగ్ చేస్తే నలుపులో రెండే ఖాళీలు మిగిలాయి. వాటి కోసం మళ్లీ క్లీనింగ్ చేయకుండా పన్నెండు గంటలు ఆపి ఉంచాను. సాయంత్రానికి గాలి సర్దుకుని, గీతలన్నీ నిండుగా వచ్చాయి. జూన్ 12న పిల్లలకు ఇచ్చిన కాగితాల్లో ప్రతి గుడీ, ప్రతి గుడిదీర్ఘమూ స్పష్టంగా ఉన్నాయి.

ఇప్పుడు ప్రింటర్ మీది బటన్‌తోనే ఆపి, దీపం ఆరాకే గోడ స్విచ్ కడుతున్నాను. ట్యాంకులో ఇంకు కింది గీత దాటకుండా చూసుకుంటున్నాను. నాలుగు రంగులూ వచ్చేలా ఒక పేజీ తయారుచేసి వారానికోసారి తీస్తున్నాను. ఈ వేసవిలో ఊరెళ్లేటప్పుడు ఇంటి తాళంచెవి పక్కింటి అమ్మాయికిచ్చి, ప్రతి ఆదివారం ఆ పేజీ ఒకటి తీయమన్నాను. తిరిగొచ్చేసరికి ఆ పేజీలన్నిటినీ తారీఖులు వేసి, బల్ల మీద దొంతరగా పేర్చి ఉంచింది.