ఒక ఇంజిన్ పోయాక బ్యారన్‌లో కరెంటు లెక్క

మారతహళ్లి ఫ్లాట్‌లో చిన్న గదిలో కట్టుకుంటున్న బ్యారన్ 58 (రెండు ఇంజిన్ల చిన్న విమానం) సిమ్యులేటర్ ప్యానెల్‌కి లోడ్‌మీటర్లు రెండూ బిగించేశాను. ఒక్కో ఇంజిన్‌కి ఉన్న ఆల్టర్నేటర్, అంటే కరెంటు పుట్టించే యంత్రం, ఎంత లోడ్ మోస్తోందో చూపించే మీటర్లివి. ఎస్పీ రోడ్డులో కొన్న చిన్న సర్వో మోటార్లు, వాటిని నడిపే ఒక ఆర్డుయినో బోర్డు, అల్యూమినియం రేకు కత్తిరించిన ముళ్లు, అంతే సరంజామా. ఎక్స్‌ప్లేన్ (కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్) ఇచ్చే ఆంపియర్లని, ఒక్కో ఆల్టర్నేటర్ సామర్థ్యమైన 60తో భాగించి ముల్లుకి పంపిస్తున్నాను, కాబట్టి 1.0 అంటే ఆల్టర్నేటర్ మోయగలిగినంతా మోస్తున్నట్టు.

సిమ్యులేటర్‌లో తిరుపతి వైపు వెళ్తుంటే మా బావమరిది ట్యాబ్‌లోంచి చెప్పాపెట్టకుండా ఎడమ ఇంజిన్ ఆపేస్తాడు. అప్పుడు మీటర్ వంక చూసే పనే లేదు. రడ్డర్, బ్లూ లైన్ స్పీడు (ఒక్క ఇంజిన్‌తో బాగా పైకెక్కే వేగం), ప్రాప్ ఫెదర్ (ఆగిన ప్రొపెల్లర్ రెక్కల్ని గాలికి అడ్డం రాకుండా తిప్పడం), ఆ తర్వాత ఫ్యూయల్ సెలెక్టర్, బూస్ట్ పంప్, మాగ్నెటోలు (స్పార్కుకి కరెంటు సొంతంగా పుట్టించుకునేవి), ఆల్టర్నేటర్ ఆఫ్, కౌల్ ఫ్లాప్ (ఇంజిన్‌ని చల్లబరిచే గాలి తలుపు). ఇవన్నీ అయ్యాకే కరెంటు సంగతి. అప్పటిదాకా చెరో 0.4 పంచుకున్న ముళ్లలో ఒకటి సున్నాకి పడిపోయి, రెండోది 0.8 దగ్గర నిలబడుతుంది.

"ఇంకా 0.8యే కదా బావా, అన్నీ ఎందుకు ఆపేస్తున్నావ్?" అన్నాడు వాడు. నిజమే, 28 వోల్టులు కదలకుండా ఉన్నంతసేపు రేడియోలు కట్టేయక్కర్లేదు, మబ్బులో ఉంటే పిటో హీట్ (వేగం కొలిచే గొట్టంలో మంచు పట్టకుండా చూసే హీటర్) అసలు ఆపకూడదు. చిక్కంతా దిగేటప్పుడే. 250 వాట్ల ల్యాండింగ్ లైటు 28 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, అంటే ముల్లు 0.95కి వెళ్తుంది, దాని మీద గేర్ (చక్రాలు) దించే మోటార్ తిరిగిందంటే 1.0 దాటిపోతుంది, ఆ తేడా బ్యాటరీ ఇవ్వాలి. (గేర్ మోటార్ లోడ్ నేనే స్క్రిప్టులో కలిపాను, అది తిరిగే కొన్ని సెకన్లూ ముల్లు గిలగిల్లాడుతుంటే చూడ్డానికి భలే ఉంటుంది.) ఇంట్లో ఇన్వర్టర్ మీద గీజర్ వేయం కదా, అదే లెక్క. నేను ముందు గేర్, చక్రాలు దిగి బిగుసుకున్నాయని చెప్పే ఆకుపచ్చ లైట్లు మూడూ వచ్చాక ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి దించేవి), చివర్లో ల్యాండింగ్ లైటు వేస్తున్నాను. బ్యారన్‌లో ఫ్లాప్స్ కూడా కరెంటు మీదే, గేర్‌తో కలిపి నొక్కితే లాభం లేదు.

వాడికి సరదా ఎక్కువైతే కుడి ఆల్టర్నేటర్ కూడా పీకేస్తాడు. ఇంజిన్ మాత్రం ఆగదు, మాగ్నెటోలకి బ్యాటరీతో పని లేదు. ఇక్కడ మాత్రం మొహమాటం లేకుండా ఒక రేడియో, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి విమానాన్ని చూపించే పరికరం) తప్ప అన్నీ కట్టేస్తాను. ఎందుకంటే బ్యాటరీ చచ్చిపోతే గేర్‌ని చేత్తో తిప్పి దించాలి, సుమారు 50 చుట్లు. అంత టైము పడుతుంది కదా అని ముందే దించుదామంటే, ఒక్క ఇంజిన్‌తో ఆ డ్రాగ్ (గాలి వెనక్కి లాగడం) భరించడం కష్టం, రన్‌వే ఖాయమయ్యేదాకా చక్రాలు లోపలే ఉండాలి. అందుకే గేర్ మోటార్ కోసం బ్యాటరీని దాచుకోవడమే నయం అనిపిస్తోంది.

గేర్‌ని చేత్తో తిప్పే ఆ హ్యాండిల్ కూడా చేద్దామని ఉంది. చుట్లు లెక్కపెట్టే రోటరీ ఎన్‌కోడర్ ఇంట్లోనే ఉంది, సీటు వెనక బిగించడానికి గట్టి పిడి ఒకటి వెతకాలి.