పిలిస్తే వచ్చే పోలీసు

డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఒక గ్యాస్ స్టేషన్‌లో నాది నైట్ డ్యూటీ. ఆ టైమ్‌లో తరచూ కనిపించేది పెట్రోలింగ్ పోలీసులే. వాళ్లంటే సైరన్ వేసుకుని దొంగల వెంట పడేవాళ్లని మనకో ఊహ. నేను చూసినంతవరకు చాలాసేపు కారులో కూర్చుని లాప్‌టాప్‌లో రిపోర్టులు రాస్తుంటారు. టెక్సస్‌లో యాక్సిడెంట్‌లో ఎవరికైనా దెబ్బ తగిలినా, ఒకరి ఆస్తికి వెయ్యి డాలర్ల నష్టం కనిపించినా సీఆర్-3 అనే ఫారం నింపాలి. మా పార్కింగ్‌లో లైటు కింద కారు ఆపి ఆ పని చేసుకుంటారు. రేడియోలో కాల్ వస్తే కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోతారు.

1972-73లో కాన్సస్ సిటీలో గస్తీ మీద ఒక ప్రయోగం జరిగింది. 15 బీట్లు, అంటే గస్తీ ప్రాంతాలు తీసుకుని, కొన్నింట్లో మామూలు గస్తీ ఉంచారు, కొన్నింట్లో పెంచారు, మిగతావాటిలో కాల్ వస్తేనే వెళ్లారు. నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకది నిజమే అనిపిస్తుంది. నా కళ్లతో చూసిన మేలంతా ఎవరో పిలిస్తే వచ్చి చేసిందే.

ఒక రాత్రి డెబ్బై దాటిన పెద్దాయన చెప్పుల్లేకుండా స్టోర్‌లోకి వచ్చాడు. నిద్ర పట్టక వాకింగ్‌కి బయల్దేరి దారి తప్పాడు. అన్నీ ఒకేలా ఉండే ఇళ్లు, అడగడానికి రోడ్డు మీద మనిషి ఉండడు. కొడుకు ఇంటి అడ్రస్ తెలియదు. నేను 911కి ఫోన్ చేశాను. పోలీసు లోపలికి రాగానే ఆయన వణికిపోయాడు. "బాబూ, నేనేం తప్పు చేయలేదని చెప్పు" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"బాబాయ్ గారూ, మిమ్మల్ని ఇంటికి చేర్చడానికే వచ్చాడండీ" అన్నాను.

ఆ ఆఫీసర్ టార్చి ఆర్పేసి, ఆయన ముందు మోకాలి మీద కూర్చున్నాడు. పెద్దాయనకి నెల్లూరులో ఉన్న కూతురి నంబరు ఒక్కటే నోటికొచ్చు. అక్కడ పగలే కాబట్టి వెంటనే ఎత్తింది, అన్న అడ్రస్ చెప్పింది. ఎక్కడో కాదు, మైలు దూరం కూడా లేదు. ఆ ఆఫీసర్ తనే కారులో తీసుకెళ్లి దింపాడు.

ఇంకో సంగతి కొత్తగా వచ్చిన పిల్లలకి చెప్పాలి. మన దగ్గర పోలీసు ఆపితే బండి దిగి ఆయన దగ్గరికి వెళ్తాం. ఇక్కడ అలా చేయకూడదు. చాలాసార్లు ఆఫీసర్ కారులో ఒక్కడే ఉంటాడు. డ్రైవర్ చేతిలో ఏముందో అతనికి తెలియదు. మనకున్న టెన్షన్ అతనికీ ఉంటుంది. కారులోనే ఉండి, లోపలి లైటు వేసి, చేతులు స్టీరింగ్ మీద పెట్టండి. లైసెన్స్ ఎక్కడుందో ముందు చెప్పి, తర్వాతే తీయండి.

సెలవులకి ఇండియా వెళ్లేటప్పుడు మీ ఊరి పోలీసులకి తెలియజేయండి. ఖాళీ ఇంటిని అప్పుడప్పుడు చూసి వచ్చే ఏర్పాటు చాలా ఊళ్లలో ఉంది, డబ్బు తీసుకోరు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాత్రం మొదటి రోజే అడ్రస్, మీ నంబరు రాసిన చీటీ వాళ్ల జేబులో పెట్టండి. 911కి చేసి "తెలుగు" అని చెప్పడం నేర్పించండి. అటువైపు వాళ్లు దుబాసీని లైన్‌లోకి తెచ్చే ప్రయత్నం చేస్తారు. పోలీసులని పిలిస్తే వీసాకి ఇబ్బంది అవుతుందేమోనని వాళ్లు భయపడుతుంటారు. దారి తప్పినందుకు ఎవరి వీసా పోదని ఆ రోజే చెప్పండి.